చదివి వినిపించాకే సంతకం

మొన్న హైదరాబాద్‌లో ఒక హోటల్ హాల్లో కూర్చుని ఉన్నాను. ఫోన్ ధరల మీద నియంత్రణ సంస్థ పెట్టిన బహిరంగ చర్చ అది. ఫోన్ ఖర్చు ఎవరికి భారమవుతోంది, ఎందుకు భారమవుతోంది అని ఊళ్లు తిరిగి కనుక్కోవడం, కనుక్కున్న సంగతి ఇలాంటి హాళ్లలోకి వచ్చి చెప్పడం నా ఉద్యోగం. ఏసీ చలికి చేతులు కట్టుకుని, కంపెనీ తరఫు మనిషి తెర మీద చూపిస్తున్న గీతల్ని చూస్తున్నాను. అంతలో నా వెనక వరసలో ఎవరో వచ్చి కూర్చున్నారు. ఖస్ అత్తరు వాసన గుప్పుమంది. ఎండాకాలం తడిపిన వట్టివేళ్ల తడకల్లోంచి వచ్చే చల్లటి వాసన అది. తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. చూస్తే ఎవరో తెలియని ముఖమే ఉంటుందని నాకు తెలుసు. చేతిలో ఉన్న కాగితం మీద అక్షరాలు కాసేపు అలుక్కుపోయాయి.

ఆ అత్తరు రాసుకునే మనిషి ఒకరు నాకు తెలుసు. హలీమా మేడం. ఆమెను మీరు చూసి ఉండరు. పేపర్లో ఫోటో పడిన మనిషి కాదు, పుస్తకాలు రాసిన మనిషీ కాదు. మంచిర్యాల టెలిఫోన్ ఎక్స్చేంజీలో చాలా ఏళ్లు ట్రంకు ఆపరేటరుగా పనిచేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుని, కరీంనగర్‌లో ఒక చిన్న సర్వే ఆఫీసు పెట్టుకున్నారు. బస్టాండుకు నాలుగడుగుల దూరంలో చెప్పుల దుకాణం మీద రెండు గదులు, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా, గాలి తక్కువ, చప్పుడు ఎక్కువగా తిరిగే ఒక ఫ్యాను. నేను అక్కడ అడుగుపెట్టేనాటికి నాకు కాళ్లు నేలమీద ఆనడం లేదు. మాది మంథనిలో గోదావరి కింద వరి పొలాలున్న ఇల్లు. పైగా స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ. ఇంటర్వ్యూలో ఏదో సూత్రం అడుగుతారని రాత్రంతా చదువుకుని వెళ్లాను.

ఆమె కళ్లజోడు పైకి నెట్టుకుని, "నీ ఫోన్ల పైసలు అయిపోతే ఏం చేస్తవ్ బిడ్డా?" అని అడిగారు.

"బాపుకు చెప్త మేడం. ఆయన ఏపిస్తడు."

"బాపు ఊర్ల లేకపోతే?"

"అన్నకు చెప్త."

"ఎట్ల చెప్తవ్? ఫోన్ల పైసల్లేవంటి గదా."

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. నా జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తున్నారు. నా దగ్గర జవాబు లేదని తేలాక, "సోమవారం నుంచి రా. జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. ఇంట్ల అడిగి రా" అన్నారు. ఇంట్లో అడిగితే వద్దంటారని అడగకుండానే చేరాను.

చేరిన రోజే నా ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. చేతికి ఒక బటన్ల ఫోన్ ఇచ్చారు. అందులో రీచార్జి గడువు దాటిపోయిన సిమ్ ఉంది. కంపెనీలు కనీస రీచార్జి పెట్టిన కొత్తలు అవి. అంతకుముందు ఫోన్లో పైసా లేకపోయినా బయటి నుంచి వచ్చే ఫోన్లు మోగేవి. ఇప్పుడు నెలనెలా రీచార్జి చేయించకపోతే అవీ ఆగిపోవడం మొదలైంది. ఆమె దగ్గర పనిచేసే ప్రతివాళ్లూ ఊళ్లలోకి వెళ్లేముందు వారం రోజులు అట్లా మోగని ఫోన్‌తో బతకాలి. అది ఆ ఆఫీసు పద్ధతి. పిచ్చి పద్ధతి అనుకున్నాను. నాలుగో రోజున బాపు బియ్యం మూట తీసుకుని మంథని నుంచి కరీంనగర్ వచ్చాడు. నాకు ఫోన్ కలవక, నేనుండే హాస్టల్ ఎక్కడో తెలియక, మధ్యాహ్నమంతా బస్టాండులో నిలబడి, మూటను ఒక చాయ్ బండివాడికి అప్పగించి, నా మీద కోపంతో పెద్దపల్లి మీదుగా మంథని వెళ్లే బస్సెక్కి వెళ్లిపోయాడు. రాత్రి హాస్టల్లో వేరొకరి ఫోన్ నుంచి ఇంటికి చేస్తే ఈ సంగతి తెలిసి, మర్నాడు ఏడుపు మొహంతో మేడం ముందు నిలబడ్డాను.

"మా బాపు మస్తు పరేషాన్ అయిండు మేడం. ఇగ సాలు, నా ఫోన్ నాకియ్యిండ్రి."

"ఎంతసేపు నిలవడ్డడు?"

"మూడు గంటలట."

"రాసుకో" అన్నారు, నోటుబుక్కు నా వైపు జరిపి. "గిది గూడ ఖర్చే. రీచార్జి చెయ్యనోళ్లకు ఖర్చు లేదని కంపెనీవోళ్లు అంటరు. మీ బాపును అడిగితే చెప్తడు ఎంతైందో."

ఫోన్ మాత్రం వారం నిండాకే ఇచ్చారు. ఆ కోపం నాకు నెల దాకా పోలేదు. కానీ మా చదువులో ఎక్కడా చెప్పని ఒక సంగతి ఆ రోజు బాపు కాళ్లనొప్పుల వల్ల నాకు తెలిసింది.

ఆమె ఈ పనిలోకి ఎందుకొచ్చారో చాలా రోజులకు గానీ చెప్పలేదు. ఒకసారి మంచిర్యాల బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు, బయట బొగ్గు లారీల వరుసకు బస్సు ఆగినప్పుడు, నేనడగకుండానే చెప్పారు. ట్రంకు కాల్ రోజుల్లో మూడు నిమిషాలకు డబ్బు ముందే కట్టించుకునేవాళ్లు. ఒక బొగ్గుగని మనిషి దూరపు ఊరికి కాల్ బుక్ చేశాడు. అక్కడ ఊరంతటికీ ఒకటే ఫోన్. తల్లిని పిలుచుకురావడానికి ఎవరో పరుగెత్తారు. ఆమె వచ్చేలోపు మూడు నిమిషాలు అయిపోయాయి. పొడిగించమంటావా అని అడిగితే అతను జేబులు తడుముకుని ఊరుకున్నాడు.

"రూల్ అంటే రూల్ అని ఆయన తీగె గుంజేసిన. అవుతలి తీగె ఇంక నా చెవిలనే ఉండె. గా ముసలామె వచ్చి 'బిడ్డా' అన్నది. ఆయనకు వినవడలే. నాకు వినవడ్డది." ఆమె కిటికీ బయటికి చూస్తూ కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "గప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. ఇంకో నిమిషం ఉంచుతె నన్నెవలు అడుగుతుండె సరితా? ఎవలు అడగకపోతుండిరి."

బస్సు కదిలాక ఆమె మామూలుగా అయిపోయి, దిగంగానే ఎవరి ఇంటికి ముందు వెళ్లాలో చెప్పడం మొదలుపెట్టారు.

ఆమె పని పద్ధతులు చూసేవాళ్లకు చాదస్తంగా ఉండేవి. నెలకు ఫోన్‌కు ఎంత ఖర్చు పెడతారని ఎవరినీ అడగనిచ్చేవారు కాదు. కిందటిసారి రీచార్జి ఎప్పుడు చేయించారు, ఎవరు వెళ్లారు, ఎంత దూరం వెళ్లారు, ఆ రోజు ఏ పని మానుకున్నారు అని అడగాలి. ఎవరింట్లోనైనా నీళ్లిస్తే తాగాకే కాగితం తీయాలి. అన్నిటికంటే పెద్ద పద్ధతి ఒకటుంది. నివేదిక రాయడం పూర్తయ్యాక దాన్ని ఏ ఊళ్ల గురించి రాశామో ఆ ఊళ్లకు వెళ్లి, జనాన్ని కూర్చోబెట్టి, తెలుగులో చదివి వినిపించాలి. తప్పులుంటే వాళ్లు చెప్తారు, దిద్దుకోవాలి. ఆ తర్వాతే హలీమా మేడం దాని మీద సంతకం పెట్టేవారు. ఢిల్లీ నుంచి వచ్చే పెద్ద చదువుల వాళ్లు ఇది వింటే ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వుకునేదాన్ని.

ఒక్కసారి ఆ పద్ధతి తప్పాను.

గడువు దాటితే ఫోన్ మోగకుండా చేయడం సబబేనా అని నియంత్రణ సంస్థ దేశమంతటినీ అభిప్రాయాలు అడిగింది. మాకు నిధులిచ్చే ఢిల్లీ సంస్థ మమ్మల్ని ఆదిలాబాద్ వైపు గూడేల్లో సర్వే చేయమంది. ఇచ్చోడ దగ్గర హైవే దిగి, ఆటోలో కొంత దూరం, ఆ తర్వాత టేకు చెట్ల మధ్య నడకదారిలో కొంత దూరం వెళ్తే వచ్చే గోండు గూడేలు. నేనే దగ్గరుండి చేయించాను. సరిగ్గా లెక్కలు వేసే సమయానికి మేడంకు రెండు కిడ్నీలూ మొరాయించాయని ఆసుపత్రిలో చేర్చారు. పని నా నెత్తిన పడింది. సంబరంగానే మోశాను. మా ఫారంలో "పోయిన నెలలో ఎన్ని కాల్స్ చేశారు?" అని ఒక ప్రశ్న ఉంది. దాదాపు అన్ని ఇళ్లలోనూ సున్నా. ఆ సున్నాలన్నీ చూసి, "ఈ గూడేల్లో ఫోన్ అవసరం ఇంకా ఏర్పడలేదు" అని నా తెలివితేటలన్నీ ఉపయోగించి ఒక వాక్యం రాశాను. గడువు తరుముకొస్తోంది. మళ్లీ అంత దూరం వెళ్లి చదివి వినిపించడమేమిటి అనుకుని, కంప్యూటర్లో ఉన్న మేడం సంతకం అతికించి పంపేశాను.

కొన్నాళ్లకు ఒక పెద్ద కంపెనీ తన జవాబులో నా వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉదహరించింది. అవసరమే లేనివాళ్లకు ఫోన్ మోగకపోతే నష్టమేమిటని దాని వాదన. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ రోజు నేను సంతోషపడ్డాను. నా వాక్యం అంత పెద్దవాళ్ల కాగితంలో అచ్చయిందని అన్నకు ఫోన్ చేసి చెప్పుకున్నాను.

మేడం ఆసుపత్రి నుంచి వచ్చాక మొదట అడిగింది, "ఊర్ల చదివినవా?" అని.

"టైం లేకుండె మేడం."

ఆమె నివేదిక మొత్తం చదివారు. అరుస్తారేమో అనుకున్నాను. సంతకం ఉన్న చోట వేలు పెట్టి, "నాదే గదా ఇది" అన్నారు నెమ్మదిగా. అరిచి ఉంటేనే బాగుండేది. "రేపు ఇచ్చోడ పోదాం."

"ఎల్లుండి మీకు డయాలసిస్ ఉన్నది మేడం."

"గందుకే రేపు పోదామంటున్న."

జగిత్యాల, నిర్మల్ మీదుగా బస్సులు మారి వెళ్లాం. చివరి నడకదారిలో ఆమె మూడుచోట్ల కూర్చున్నారు. గూడెంలో బడి వరండాలో జనం చేరారు. పత్తి ఏరే రోజులు, పని వదిలి వచ్చారు పాపం. నేను చదివాను. నా ఘనమైన వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ఏమీ అనలేదు. ఒప్పుకున్నారనుకుని పేజీ తిప్పబోతే మేడం నా చేయి పట్టుకుని ఆపారు. "తప్పుంటే చెప్పుండ్రి. మేం తిట్లు పడనీకె వచ్చినం" అన్నారు.

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ఆమె లేచి నిలబడింది. భీంబాయి. ఆమె ఇంటి ఫారం నేనే నింపాను. మొగుడు లేడు, ఒక్కతే కూతురు కవిత, దూరంగా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

"మాకు ఫోన్ అక్కరలేదని ఎవలు చెప్పిండ్రు బాయి?"

నాకు రోషం వచ్చింది. "నువ్వే చెప్పినవ్ గదా అమ్మా. పోయిన నెలల ఎన్ని ఫోన్లు చేసినవంటే ఒక్కటి చెయ్యలేదంటివి."

"అవ్, చెయ్యలే. నిజమే చెప్పిన. మేం చెయ్యం, ఎత్తం. మోగుతది, చూస్తం, అంతే." ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి ఫోన్ బయటికి తీసింది. "ఐతారం పొద్దుగాల ఒక్కపాలి మోగుతది. మోగిందంటే నా బిడ్డ మంచిగున్నట్టు. రెండుపాల్లు మోగితే పానం బాగలేదు, రా అన్నట్టు. హాస్టల్ల వంటామె ఫోన్ అది. ఎత్తితె ఆమెకు పైసలు పోతయని ఎత్తం."

కవితకు సికిల్‌సెల్ రక్తం జబ్బు ఉందట. ఉన్నట్టుండి ఎముకల్లో నొప్పులు పుడతాయి, ఆసుపత్రికి తీసుకెళ్లి పడుకోబెట్టాలి.

"ఇప్పుడు మోగుతున్నదా?" అని అడిగారు మేడం.

"ఏడ మోగుతది? రెండు నెల్లాయె. మోగకపోతె నా బిడ్డ మంచిగున్నట్టా, లేనట్టా? గదే ఎర్కైతలేదు బాయి." భీంబాయి ఫోన్‌ను మళ్లీ గుడ్డసంచిలో పెట్టుకుంది. "నొప్పులొచ్చినప్పుడు వంటామె మస్తుపాల్లు చేసిందట. నాకేం ఎర్క? నేను పోయేటాల్లకు మూడు దినాలు పండవెట్టిండ్రు. నా కాళ్లు పట్టుకొని, 'అవ్వా, ఎందుకు రాలే' అని ఏడ్సింది. గప్పటిసంది వారం వారం పని ఇడిసిపెట్టి పోయి చూసొస్తున్న."

ఆమె కూర్చోగానే మిగతావాళ్లు మొదలుపెట్టారు. ఇటుక బట్టీలకు పోయిన కొడుకు చేరాక ఒకసారి మోగిస్తాడు. రేషన్ వచ్చిందంటే డీలరు మోగిస్తాడు. ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవరూ ఎత్తలేదు, కానీ గూడెం అంతా ఆ మోతల మీదే నడిచింది. నేను అన్ని ఇళ్లకూ సున్నా వేశాను. అక్కడ కూర్చున్నచోటే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. పిల్ల మూడు రోజులు నొప్పులతో పడి ఉన్న సంగతి, దాని తల్లికి ఫోన్‌తో పనిలేదని నేను రాసిన సంగతి, రెండూ పక్కపక్కనే నిలబడి నన్ను చూశాయి.

తిరుగు బస్సులో నన్ను ఉద్యోగం నుంచి తీసేయమన్నాను. నాటకం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాను.

"తీసేస్తె గా తప్పు ఎవలు సరిజేస్తరు? మళ్లొకర్ని తెచ్చి వారం రోజులు ఫోన్ గుంజుకొని కూసోవాల్నా నేను?" అన్నారు మేడం. కాసేపటికి, "గా ప్రశ్న రాసింది నేను. ఊర్ల చదవకుంట పంపింది నువ్వు. గలతీ ఇద్దరిది. ఇగ ఏడ్సుడు బందు చెయ్యి, జర మంచినీళ్ల సీస ఇటియ్యి" అని అన్నారు.

ఢిల్లీ వాళ్లకు ఫోన్ చేసి నివేదిక వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే సంస్థ పరువు పోతుందని, తర్వాతి నివేదికలో ఒక మూల చిన్న వివరణ వేద్దామని అన్నారు. పట్టుబడితే వచ్చే ఏడాది నిధుల సంగతి ఆలోచించుకోవాల్సి ఉంటుందని కూడా అన్నారు. మేడం అంతా విని, "ఆలోచించుకోండి" అని పెట్టేశారు. ఆ సాయంత్రమే ఉత్తరం రాసి, ఈసారి తన చేత్తో సంతకం పెట్టి నియంత్రణ సంస్థకు పంపారు. ఆ తర్వాత మళ్లీ ఇల్లిల్లూ తిరిగాం. ఎన్ని కాల్స్ చేశారని కాదు, ఎవరు మోగిస్తే ఏమని అర్థం, ఇప్పుడు మోగుతోందా లేదా అని అడిగాం. డయాలసిస్‌కు డయాలసిస్‌కు మధ్య ఉన్న రోజుల్లో, పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే చేత్తో పట్టుకుని, ఆమె నాతో వచ్చారు. రావద్దని బతిమాలితే, "నువ్వు పో, నేను ఎన్క వస్త" అనేవారు. ఎప్పుడూ వెనకే వచ్చారు, రాని రోజు లేదు.

ఆ రెండో విడతలో భీంబాయి ఫోన్‌కు నేను రీచార్జి చేయించాను. మేడం చూశారు. తిడతారనుకున్నాను. "చేసినవా? మంచిది. కని ఫారంల మాత్రం మోగుతలేదనే రాయి. నీ పైసలతోని మోగే ఫోన్ ఆమె లెక్కల రాయొద్దు" అని ఊరుకున్నారు.

ఆ కనీస రీచార్జి మీద బహిరంగ చర్చ పెట్టిన రోజున ఆమె హాల్లో లేచి ఉర్దూలో మాట్లాడారు. మొదటి మాటే, మేం ముందు పంపిన కాగితం తప్పు అని. గూడేల వాళ్లు అబద్ధం చెప్పలేదు, మేమే అడగాల్సింది అడగలేదు అని. ఆ తర్వాత భీంబాయి సంగతి, మోతల సంగతి చెప్పారు. కంపెనీ మనిషి చిరునవ్వుతో లేచి, ముందు చెప్పింది తప్పయినప్పుడు ఇప్పుడు చెప్పేది తప్పు కాదని ఎట్లా నమ్మాలన్నాడు. హాల్లో కొందరు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం అతను అడిగింది న్యాయమైన ప్రశ్నే అన్నట్టు తల ఊపారు. నమ్మొద్దు, ఆ ఊళ్ల పేర్లు కాగితంలో ఉన్నాయి, వెళ్లి అడగండి, మళ్లీ మాదే తప్పని తేలితే మళ్లీ వచ్చి ఇక్కడే చెప్తాను అన్నారు. అతను కూర్చున్నాడు. తప్పు చేయడం కంటే దాన్ని నలుగురిలో చెప్పుకుని కూడా నిటారుగా నిలబడడం కష్టమని ఆ రోజు కళ్లారా చూశాను.

అంతా అయ్యాక నిర్ణయం వచ్చింది. కనీస రీచార్జి విషయంలో జోక్యం చేసుకోవాల్సిన అవసరం కనిపించడం లేదని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఢిల్లీ నిధులు ఆగిపోయాయి, చెప్పుల దుకాణం మీది గదులు ఖాళీ చేశాం. నాకు హైదరాబాద్‌లో ఇప్పటి ఉద్యోగం దొరికింది. విచిత్రమేమిటంటే, తప్పు ఒప్పుకున్న ఆ ఉత్తరం చదివే నన్ను తీసుకున్నారు.

ఆమెను చివరిసారి చూసింది కరీంనగర్‌లో, డయాలసిస్ గదిలో. చేతికి గొట్టాలు, కళ్ల కింద నలుపు. నా కొత్త ఉద్యోగం సంగతులు అడుగుతారనుకున్నాను.

"గూడెం పోయి చదివినవా?" అన్నారు.

"ఏం చదవాలె మేడం?"

"గదే, వాళ్ల నిర్ణయం."

"అందుల ఏమున్నది మేడం? మనం ఓడిపోయినం. గది చెప్పనీకె అంత దూరం పోవాల్నా?"

"గెలుస్తె ఎట్లయినా ఎర్కైతది, ఫోన్లు మోగుతయి. ఓడిపోయింది మనం పోయి చెప్తెనే గదా తెలిసేది. మన తోని పని ఇడిసి కూసున్నరు వాళ్లు." మాట్లాడితే ఆయాసం వస్తోంది. "నేను పోదామనుకున్న. పానం సాత్ ఇస్తలేదు. నువ్వు పో బిడ్డా." వెళ్తానని మాటిచ్చాను. కొత్త ఉద్యోగం, సెలవు దొరకలేదు, వచ్చే నెల అనుకున్నాను. అనుకుంటూనే నెలలు గడిపాను.

ఆమె పోయిన రోజు ఉదయాన ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. సాయంత్రమే ఖననం అన్నాడు. హైదరాబాద్ నుంచి బయల్దేరుతూ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. భీంబాయికీ చేశాను. కలవలేదు. నేను ఎప్పుడో చేయించిన రీచార్జి గడువు ఎప్పుడో తీరిపోయింది, తర్వాత నేనూ పట్టించుకోలేదు. నా ఫోన్లోంచే అప్పటికప్పుడు రీచార్జి చేసి మళ్లీ చేయవచ్చు, రెండు నిమిషాల పని. ఆ హడావుడిలో తట్టలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. తట్టింది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

నలభై రోజులయ్యాక ఇచ్చోడలో దిగి, నిర్ణయం కాగితం పట్టుకుని ఒక్కదాన్నే గూడెం వెళ్లాను. బడి వరండాలో పదిమంది కూడా లేరు. చదివి, మనం ఓడిపోయాం అని చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. భీంబాయి నా వెనక దారివైపు చూస్తూ కూర్చుంది.

"పెద్దబాయి ఎన్క వస్తున్నదా?" అని అడిగింది.

చెప్పాల్సింది చెప్పాను. ఆమె నా పక్కకు జరిగి, నా వీపు మీద చేయి వేసి, "ఎర్కైతె వస్తుంటిమి బిడ్డా. నడిసైనా వస్తుంటిమి. మాకెవలు చెప్పలే" అంది. ఫోన్ చేశానని చెప్పలేకపోయాను. చేసి, కలవక, వదిలేశానని అసలే చెప్పలేకపోయాను. ఇద్దరం అట్లాగే కూర్చుని ఏడ్చాం.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు నన్ను వెనక చాదస్తపు మనిషని అనుకుంటారని తెలుసు. ఏ నివేదికైనా ఊళ్లో చదివి వినిపించాకే సంతకం పెడతాను. మా ఫారం చివర నేను చేర్చిన ప్రశ్న ఒకటుంది. ఫోన్ మోగక మీకు అందకుండా పోయిన కబురు ఏమిటి అని. చాలామంది పెళ్లిళ్లు చెప్తారు, కూలిపనులు చెప్తారు, ఆసుపత్రి తేదీలు చెప్తారు. ఆ ప్రశ్నకు నేను రాసుకున్న మొదటి జవాబు ఆ రోజు భీంబాయి చెప్పిందే. ఆ గడిలో నా చేత్తో హలీమా మేడం పేరు రాశాను.